‘వెతుకు’ ఎందుకు హ్యాంగ్ అవుతోంది? ఒక గ్రెప్ స్క్రిప్టు మరమ్మతు డైరీ

తెనాలిలో మా బావగారి డీటీపీ సెంటర్‌లో, ఉబుంటు ఉన్న కంప్యూటర్ మీద ‘వెతుకు’ అనే పన్నెండు లైన్ల షెల్ స్క్రిప్టు, అంటే వరసగా నడిచే కమాండ్ల ఫైలు, నడుస్తోంది. రాసింది నేను. లోపల వెతికే పని గ్రెప్‌ది, అంటే ఫైళ్లలో ఒక మాట ఉన్న లైన్లను చూపించే కమాండ్‌ది. ఫోల్డర్ పేరులో ఒక ముక్క, వెతకాల్సిన మాట ఇస్తే ఆ మాట ఉన్న ఫైళ్లను లైన్లతో సహా చూపించాలి. గత రెండు వారాల్లో అది 17 సార్లు హ్యాంగ్ అయింది. ప్రతిసారీ ఆయన విండో మూసేసి మళ్లీ తెరుస్తున్నారు. అవతల కౌంటర్ దగ్గర మనిషి నిలబడి ఉంటాడు. “మా నాన్నగారి అభినందన సంచిక ఆరేళ్ల కిందట మీ దగ్గరే వేయించాం, అదే పాఠం మళ్లీ కావాలి” అంటాడు. పాఠం డిస్కులో ఉంటుంది, చూపించలేరు. ఇది నాకు నిద్ర పట్టనివ్వలేదు.

ఇలాంటి స్క్రిప్టు వాడేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి దొరికినవన్నీ వరసగా రాస్తున్నాను. కమాండ్లు నోటితో పలికినట్టే రాశాను. సగం పని బావగారికి ఫోన్‌లో చెప్పి చేయించాను, నా నోట్సు కూడా అలాగే ఉంది. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. స్మాల్, క్యాపిటల్ తేడా ముఖ్యం.

సరంజామా: 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు, యూఎస్‌బీకి తగిలించిన ఇంకో పాత డిస్కు. ఫైళ్లు 11,460. అందులో పాఠం ఫైళ్లు 7,200, మిగతావి పీడీఎఫ్‌లు, స్కాన్లు.

దశ 1: ముందు చూడటం నేర్చుకోవాలి

మొదటి రెండు గంటలూ వృథా చేశాను. కారణం ఇదై ఉంటుందని ఊహించి స్క్రిప్టు మార్చడం, బావగారిని వాడమనడం, మళ్లీ హ్యాంగ్ అవడం. అలా మూడుసార్లు మార్చాక మూడు మార్పులూ తీసేసి మొదటికొచ్చాను.

ఆ తర్వాత రెండు పనులు చేశాను. ఒకటి, కౌంటర్ మీద ఒక నోటు పుస్తకం పెట్టించాను. హ్యాంగ్ అయినప్పుడల్లా ఏ ఫోల్డర్, ఏ మాట, అప్పటికి ఫలితాలు రావడం మొదలైందా, ఎంటర్ నొక్కితే కర్సర్ కిందికి దిగుతోందా అని నాలుగు గళ్లు నింపాలి. అంతకుముందు జరిగినవి కూడా బావగారు గుర్తున్నంత మేర రాశారు. రెండోది, హ్యాంగ్ అయిన విండోను మూయకుండా పక్కన ఇంకో విండో తెరిచి చూడటం:

1. ‘పీఎస్, హైఫన్ ఓ, పిఐడి కామా స్టాట్ కామా ఆర్గ్స్, హైఫన్ క్యాపిటల్ సి, గ్రెప్’ అని కొట్టాలి. ప్రాసెస్ నంబరు, పక్కన దాని స్థితి చెప్పే అక్షరం వస్తాయి.
2. ఆ అక్షరం ఆర్ అయితే ప్రాసెసర్ మీద పని జరుగుతోంది. ఎస్ అయితే దేనికోసమో ఎదురుచూస్తోంది. క్యాపిటల్ డి అయితే డిస్కు దగ్గర ఇరుక్కుంది. టి అయితే ఎవరో ఆపారు, చాలాసార్లు కంట్రోల్ జెడ్ నొక్కడం వల్ల.
3. ఎస్ వస్తే ‘సుడో ఎస్‌ట్రేస్ హైఫన్ పి’, తర్వాత ప్రాసెస్ నంబరు. ప్రోగ్రాము సిస్టమ్‌ను ఏమేం అడుగుతోందో ఎస్‌ట్రేస్ లైన్లుగా చూపిస్తుంది. ఉబుంటులో సుడో, అంటే అడ్మిన్ అధికారం, లేకపోతే ఇది ఒప్పుకోదు.

ఎస్‌ట్రేస్ చూపించే చివరి లైను చదవడం వస్తే చాలావరకు దారి దొరికినట్టే. ‘రీడ్’ పక్కన బ్రాకెట్‌లో మొదటి అంకె 0 అయితే అది కీబోర్డు వైపు చూస్తోంది. ‘రైట్’ పక్కన 1 ఉంటే రాయాలనుకుంటోంది, విండో తీసుకోవడం లేదు. ‘రీడ్’ పక్కన 3 ఉంటే ఫైలు చదువుతోంది. ‘ఓపెన్ఎట్’ దగ్గర ఆగితే ఏదో ఫైలు తెరుచుకోవడం లేదు, ఆ ఫైలు పేరు అక్కడే కనబడుతుంది. అక్షరం ఆర్ అయ్యుండి ఎస్‌ట్రేస్‌లో ఒక్క లైనూ రాకపోతే, ప్రోగ్రాము తనలో తానే తిరుగుతోంది.

“హ్యాంగ్ అయింది” అని మనం ఒకే మాట అంటాం. లోపల అవి ఐదారు వేర్వేరు సంగతులు, ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

లెక్క: మొత్తం హ్యాంగ్‌లు 17, కారణం తేలినవి 0, ఖర్చయిన సమయం 2 గంటలు.

దశ 2: ఫోల్డర్ దొరక్కపోతే మౌనం

నోటు పుస్తకంలో నాలుగు చోట్ల ఒకే పోలిక కనబడింది. ఒక్క ఫలితం కూడా రాలేదు, ఎంటర్ నొక్కితే కర్సర్ మాత్రం దిగుతోంది. నాలుగుసార్లూ ఫోల్డర్ గడిలో ‘2014’ లాంటి పూర్తి సంవత్సరం ఉంది. డిస్కులో చూస్తే ఆ ఏడాది ఫోల్డర్ పేరు ‘14-15’.

అదే మాట నేను ఇచ్చాను. వెంటనే బిగుసుకుంది. స్థితి ఎస్, ఎస్‌ట్రేస్‌లో ‘రీడ్, 0’. స్క్రిప్టులో నేను రాసిన పద్ధతి ఇది: గ్రెప్, మాట, ఆ తర్వాత డాలర్ బ్రాకెట్‌లో ఫైండ్. ఫైండ్ ఇచ్చిన ఫైళ్ల జాబితా గ్రెప్ ముందు పరుచుకుంటుంది. ఫైండ్‌కి ఏమీ దొరకకపోతే జాబితా ఖాళీ. ఫైలు పేరే లేని గ్రెప్ పాఠాన్ని కీబోర్డు నుంచి ఇస్తారని కూర్చుంటుంది. అది తప్పు కాదు, ఒక ప్రోగ్రాము ఫలితాన్ని ఇంకోదానికి అందించే పైపుల్లో వాడుకోవడానికి దాన్ని అలాగే చేశారు. తప్పు జాబితా ఖాళీగా ఉందో లేదో చూడని నాది.

మార్చినవి:

1. ఫైండ్ ఫలితం ఖాళీ అయితే ‘ఆ పేరుతో ఫోల్డర్ లేదు’ అని రాసి ఆగిపోవాలి. దాంతోపాటు ఉన్న ఫోల్డర్ల పేర్లు చూపించాలి. బావగారికి ఎక్కువగా ఉపయోగపడింది ఈ రెండో ముక్కే.
2. డాలర్ బ్రాకెట్ పద్ధతి తీసేసి ఫైండ్‌కి ‘హైఫన్ ప్రింట్ 0’, పైపు, ‘ఎక్స్ఆర్గ్స్ హైఫన్ 0’, గ్రెప్. పేరులో ఖాళీ ఉన్న ఫైళ్లు, అంటే ‘పెళ్లి కార్డు కొత్తది’ లాంటివి, పాత పద్ధతిలో మూడు ముక్కలై అసలు వెతుకులాటలోకే రాలేదని అప్పుడు తెలిసింది.
3. గ్రెప్ చివర ఎప్పుడూ ‘స్లాష్ డెవ్ స్లాష్ నల్’ కూడా ఒక ఫైలుగా ఇవ్వడం. చదివితే ఎప్పుడూ ఖాళీగా ఉండే, ఏం పంపినా మింగేసే ఫైలు అది. పాత చిట్కా ఇది. జాబితా ఖాళీ అయినా గ్రెప్ చేతిలో ఒక ఫైలు ఉంటుంది కాబట్టి కీబోర్డు వైపు చూడదు. జాబితాలో ఒకే ఫైలు ఉన్నా ఫలితంలో దాని పేరు పడుతుంది.

లెక్క: తేలినవి 4/17, సమయం 3.5 గంటలు.

దశ 3: నా ముందు ఎప్పుడూ జరగని హ్యాంగ్

అన్నిటికంటే ఎక్కువ విసిగించింది ఇదే. పుస్తకంలో ఆరు నమోదులు. ఫలితాలు వస్తూ వస్తూ మధ్యలో ఆగిపోతాయి. ఎంటర్ నొక్కినా కర్సర్ దిగదు. అవే మాటలు, అవే ఫోల్డర్లు నేను నలభై సార్లు ఇచ్చి చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆదివారం వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ‘అధ్యక్షులు’ అని వెతికారు. ఫలితాలు పరుగెడుతున్నాయి. ఆగిపోయాయి.

“బావగారూ, ఇప్పుడేం నొక్కారు?”

“ఏం నొక్కలేదు.”

“ఎడమ చెయ్యి కదిలినట్టనిపించింది.”

“ఓ, అదా. సేవ్ కొట్టాను. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కదా.”

ఇరవై ఏళ్లుగా పేజ్‌మేకర్‌లో పేజీలు కట్టిన చెయ్యి అది. కరెంటు పోయి పేజీలు పోగొట్టుకున్నవాళ్లందరికీ ఆ అలవాటు వేళ్లకే ఉంటుంది. రెండు నిమిషాలకోసారి కంట్రోల్ ఎస్. తాను నొక్కుతున్నట్టు ఆయనకే తెలియదు.

టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే ఈ విండోలో, కంట్రోల్ ఎస్ అంటే సేవ్ కాదు, ‘ఆగు’. అక్షరాలకూ ఇలాంటి ఆదేశాలకూ నంబర్లిచ్చిన ఆస్కీ పట్టికలో అది 19వ సంకేతం. 17వది కంట్రోల్ క్యూ, ‘కానీ’ అని అర్థం. టెలిటైప్ యంత్రాల కాలంలో అవతలి యంత్రం అందుకోలేకపోతుంటే పంపడం ఆపించడానికి వాడిన పద్ధతి ఇప్పటికీ టెర్మినల్‌లో అలాగే ఉంది. కంట్రోల్ క్యూ నొక్కగానే మిగతా ఫలితాలన్నీ జలజలా వచ్చాయి. ఆరుసార్లు మూసేసిన విండోల్లోనూ ఫలితాలు అలా ఎదురుచూస్తూనే ఉన్నాయన్నమాట.

ఎస్‌ట్రేస్‌లో ఇది ‘రైట్, 1’గా కనబడుతుంది. ఒక జాగ్రత్త ఉంది: గ్రెప్ తర్వాత పైపులో ఇంకో ప్రోగ్రాము ఉంటే విండో దగ్గర ఆగేది ఆ చివరిది. లైనక్స్‌లో పైపు మామూలుగా 64 కేబీ పట్టుకుంటుంది. అది నిండేదాకా గ్రెప్ పని చేస్తూనే ఉంటుంది, ఆ తర్వాతే ఆగుతుంది. అందుకని పైపులో చివరి ప్రోగ్రాము నుంచి వెనక్కి చూసుకుంటూ రావాలి.

మార్చింది: కమాండ్లు అందుకునే ప్రోగ్రాము బ్యాష్. విండో తెరిచినప్పుడల్లా అది చదివే బావగారి ‘డాట్ బ్యాష్ఆర్‌సీ’ ఫైలులో ‘ఎస్‌టీటీవై హైఫన్ ఐఎక్స్ఆన్’ అని ఒక లైను. విండో మూసి తెరిస్తే అమల్లోకి వస్తుంది. ఒక చిన్న దుష్ఫలితం ఉంది. ప్రాంప్ట్ దగ్గర కంట్రోల్ ఎస్ నొక్కితే ఇప్పుడు బ్యాష్ పాత కమాండ్లలో వెతకడం మొదలెట్టి ‘ఐ-సెర్చ్’ అని చూపిస్తుంది. కంట్రోల్ జి నొక్కితే పోతుంది. కీబోర్డు పక్కన చీటీ అంటించాం.

విండోస్ వాడేవాళ్లకు దీని తమ్ముడు ఒకడున్నాడు. కమాండ్ విండోలో ‘క్విక్ ఎడిట్’ ఉంటే, పొరపాటున లోపల మౌస్ క్లిక్ చేసినా పాఠాన్ని ఎంచుకుంటున్నట్టు లెక్క, ఫలితాలు ఆగిపోతాయి. విండో శీర్షికలో ‘సెలెక్ట్’ అనే మాట చేరుతుంది, అదే గుర్తు. ఎస్కేప్ నొక్కితే కదులుతుంది.

లెక్క: తేలినవి 10/17, సమయం 4.5 గంటలు.

దశ 4: తెరుచుకోని ఫైలు

ఒకే ఒక్క నమోదు. 2019 నాటి ఫోల్డర్‌లో ఏ మాట ఇచ్చినా బిగుసుకుంటుంది. ఎస్‌ట్రేస్‌లో ‘ఓపెన్ఎట్’, పక్కన ‘స్కాన్ వరస’ అనే పేరు. అది ఫైలే కాదు, పేరున్న పైపు. స్కానర్ కోసం నేనే ఎప్పుడో ‘ఎంకేఫైఫో’తో చేసి వదిలేశాను. పైపును చదవడానికి తెరిస్తే, అవతలి వైపు ఎవరో ఒకరు రాయడానికి తెరిచేదాకా ఇది కదలదు. ఎవరూ తెరవరు.

గ్రెప్ తనంతట తాను ‘హైఫన్ ఆర్’తో ఫోల్డర్లలోకి దిగితే ఇలాంటివాటిని వదిలేస్తుంది. పేరు పెట్టి ఇస్తే మాత్రం తెరవబోతుంది. నేను ఫైండ్ నుంచి ప్రతి పేరూ ఇస్తున్నాను.

మార్చినవి: ఫైండ్‌కి ‘హైఫన్ టైప్ ఎఫ్’, గ్రెప్‌కి ‘హైఫన్ క్యాపిటల్ డి స్కిప్’. ఆ పైపును చెరిపేశాను.

లెక్క: తేలినవి 11/17, సమయం 5.5 గంటలు.

దశ 5: ఒకే లైనులో ఒక పుస్తకం

‘శ్రీ’ అని వెతికినప్పుడు రెండుసార్లు. స్థితి ఒకసారి ఎస్, ఇంకోసారి ఆర్, మళ్లీ ఎస్. గ్రెప్ బాగానే ఉంది, విండో ప్రోగ్రాము ప్రాసెసర్‌ను 100 శాతం తింటోంది.

కొలిచి చూద్దామని ఫలితాన్ని ‘స్లాష్ డెవ్ స్లాష్ నల్’కి పంపి ‘టైమ్’ పెట్టాను. 0.01 సెకను వచ్చింది. నమ్మి అరగంట తప్పుదారి పట్టాను. ఫలితం నల్‌కి పోతోందని గ్నూ గ్రెప్ కనిపెడితే మొదటి ఫలితం దగ్గరే పని ముగిస్తుంది, మిగతా ఫైళ్లు చూడదు. అందుకని నల్‌కి పంపి గ్రెప్ వేగం కొలవకూడదు. బైట్లను లెక్కపెట్టే ‘డబ్ల్యూసీ హైఫన్ సి’కి పైపు చేసి కొలవాలి.

సరైన కొలతలు:

- గ్రెప్ నుంచి డబ్ల్యూసీకి: 0.4 సెకను, 6.3 ఎంబీ పాఠం
- గ్రెప్ నుంచి విండోకి: 74 సెకన్లు

‘డబ్ల్యూసీ హైఫన్ క్యాపిటల్ ఎల్’ ఫైలులో అతి పొడవైన లైను ఎంతో చెబుతుంది. అన్ని పాఠం ఫైళ్ల మీదా నడిపితే తొమ్మిది ఫైళ్లు బయటపడ్డాయి. పేజ్‌మేకర్ నుంచి పాఠాన్ని బయటికి తీసిన తీరు వల్ల పుస్తకం మొత్తం ఒకే లైనులో ఉంది. అందులో ఒక్కచోట ‘శ్రీ’ ఉన్నా గ్రెప్ ఆ లైనంతా, అంటే ఆ పుస్తకమంతా, విండోలో పోస్తుంది. వత్తులూ గుణింతాలూ కలిపి తెలుగు అక్షరాలను గీయడం విండోకి ఇంగ్లిష్ కంటే బరువైన పని.

మొదటి ప్రయత్నం విఫలం. ‘ఫోల్డ్’ కమాండ్‌తో 80 దగ్గర లైన్లు విరగ్గొట్టాను. ఆ కంప్యూటర్‌లో ఉన్న ఫోల్డ్ అక్షరాలను లెక్కపెట్టదు, బైట్లను లెక్కపెడుతుంది. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటీ 3 బైట్లు. 80ని 3 భాగించదు. దాదాపు మూడింట రెండు వంతుల లైన్ల చివర ఒక అక్షరం నడిమికి తెగింది. తెగిన బైట్లు చూసి గ్రెప్ ఆ ఫైళ్లు పాఠం కావు, ‘బైనరీ’ అంది. ముందే నకళ్లు తీసుకున్నాను కాబట్టి బతికాను.

రెండో ప్రయత్నం నిలిచింది:

1. తొమ్మిది ఫైళ్ల నకళ్లు వేరే ఫోల్డర్‌లో.
2. ‘సెడ్’తో, చుక్క తర్వాత ఖాళీ ఉన్న ప్రతిచోటా కొత్త లైను.
3. మళ్లీ క్యాపిటల్ ఎల్ కొలత. పొడవైన లైను 3 వేల లోపుకి వచ్చింది.
4. విండోకి మళ్లీ కొలత: 74 సెకన్ల నుంచి 1.1 సెకనుకి.

గ్రెప్‌లోనే ‘హైఫన్ ఓ’ పెట్టి, మాటకు ఇటు 40 అటు 40 చుక్కలు మాత్రమే తీసుకునే దారి కూడా చూశాను. పని చేస్తుంది. కానీ చుక్క అంటే ఒక సంకేతం. గుణింతం గుర్తూ, పొల్లూ, వత్తు హల్లూ వేటికవి లెక్కకొస్తాయి. 40 చుక్కలంటే మనం చదివే అక్షరాలు ఇరవైకి అటూ ఇటూ. ముక్క మొదట్లో అక్షరం లేని గుడి ఒంటరిగా వేలాడుతుంది. ఫైళ్లు సరిచేయడమే మేలనిపించింది.

లెక్క: తేలినవి 13/17, సమయం 9.5 గంటలు.

పక్క నమోదు: 18వ హ్యాంగ్ నేను తెచ్చిపెట్టింది. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో ‘యూనికోడ్’ అని ఎంచి సేవ్ చేసిన తెలుగు ఫైళ్లు యూటీఎఫ్-16లో ఉంటాయి. గ్రెప్‌కి అవి బైనరీ. ‘హైఫన్ ఏ’ పెడితే అన్నీ పాఠంగానే చూస్తుందని పెట్టాను. ఆ ఫైళ్లు దొరకలేదు సరికదా, స్కాన్లలోని పచ్చి బైట్లు విండోలోకి వచ్చి, టైప్ చేసింది కనబడకుండా పోయింది. కనబడకపోయినా ‘రీసెట్’ అని కొట్టి ఎంటర్ నొక్కితే విండో బాగవుతుంది. హైఫన్ ఏ తీసేసి, బైనరీలను పూర్తిగా వదిలేసే ‘హైఫన్ క్యాపిటల్ ఐ’ పెట్టాను. ‘ఫైల్’ కమాండ్ యూటీఎఫ్-16 అని చెప్పిన 212 ఫైళ్లను ‘ఐకాన్వ్’తో యూటీఎఫ్-8కి మార్చాను.

దశ 6: అంకెలున్న పేజీల దగ్గరే ఎందుకు?

స్క్రిప్టులో ‘శీర్షికలు’ అని రెండో పద్ధతి ఉంది. కోలన్‌తో ముగిసే లైన్లను మాత్రమే చూపించాలి. దానికి పైథాన్‌లో చిన్న జల్లెడ రాశాను. రెండు హ్యాంగ్‌లు దాంట్లోనే. రెండూ దేవాలయ సంచికల్లో, జమాఖర్చుల పట్టికలున్న పేజీల దగ్గర. స్థితి ఆర్, ఎస్‌ట్రేస్‌లో నిశ్శబ్దం. రాత్రంతా వదిలేసినా ముగియలేదు.

ఏ లైన్లు కావాలో చెప్పే నా నమూనా (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్) ఇలా ఉండేది: ‘బ్యాక్‌స్లాష్ స్మాల్ డబ్ల్యూ ప్లస్, బ్యాక్‌స్లాష్ క్యాపిటల్ డబ్ల్యూ స్టార్’, ఈ రెండింటికీ కలిపి బ్రాకెట్, బ్రాకెట్ మీద మళ్లీ ప్లస్, చివర కోలన్. ఇంత మెలిక ఎందుకు పెట్టానో కూడా చెప్పాలి. పైథాన్‌లో స్మాల్ డబ్ల్యూ అంటే మాటలో వచ్చే అక్షరం లేదా అంకె, క్యాపిటల్ డబ్ల్యూ అంటే అది కానిది. ప్లస్ అంటే ఒకటో అంతకంటే ఎక్కువో, స్టార్ అంటే సున్నా అయినా సరే. కానీ తెలుగు గుణింతం గుర్తులూ పొల్లూ దానికి అక్షరాలుగా లెక్కకు రావు. ‘తెలుగు’ అన్న మాట దానికి త, ల, గ అని మూడు ముక్కలు. మధ్యలో గుర్తులను దాటడానికి ఆ బ్రాకెట్ కట్టాను.

ప్లస్ లోపల ప్లస్. అక్కడే ఉంది. మధ్యలో గుర్తులు లేకుండా అక్షరాలో అంకెలో వరసగా వస్తే, ఆ వరసను ఎన్ని రకాలుగా ముక్కలు చేయవచ్చో అన్ని రకాలుగానూ ప్రయత్నిస్తుంది. మామూలు తెలుగు వాక్యంలో గుణింతాలు అడ్డొచ్చి ఆ వరసలు పొట్టిగా ఉంటాయి. జమాఖర్చుల్లో మొత్తాలు, రసీదు నంబర్లు, ఫోన్ నంబర్లు. చివర కోలన్ లేదని తేల్చుకోవడానికి అన్ని దారులూ నడిచి రావాలి. వట్టి అంకెలిచ్చి కొలిచాను:

- 24 అంకెలు: 1.4 సెకన్లు
- 26 అంకెలు: 5.6 సెకన్లు
- 28 అంకెలు: 22 సెకన్లు

ఒక్క అంకె పెరిగితే సమయం రెట్టింపు. పట్టికలో ఒక లైనుకి 50 అంకెలున్నాయి.

ఇది పెద్దవాళ్లకూ జరిగింది. 2019 జూలై 2న, ఎన్నో వెబ్‌సైట్లకు ముందు కాపలాగా ఉండే క్లౌడ్‌ఫ్లేర్ సేవలు 27 నిమిషాలు దెబ్బతిన్నది ఇలా వెనక్కి తిరిగి తిరిగి వెతికే నమూనా వల్లే. 2016 జూలై 20న ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు ఆగిపోయింది. ఒక లైనులో వరసగా 20,000 ఖాళీలు ఉండటం, వాటిని చివర్లో కత్తిరించే నమూనా ప్రతి ఖాళీ నుంచీ మళ్లీ మొదలెట్టడం. ఆ నమూనాలో మామూలు ఖాళీల పక్కన ఉన్న సంకేతం 200సి. మనం ‘ఫోన్‌లో’ అని, న కింద లావత్తు పడకుండా రాయడానికి మధ్యలో పెట్టే కనబడని గుర్తు అదే. తెలుగు ఫైళ్లలో అది వేల చోట్ల ఉంటుంది. అందుకే ఆ కథ చదివినప్పుడు నాకు దూరపు విషయం అనిపించలేదు.

మార్చినవి:

1. పైథాన్ జల్లెడ తీసేశాను. కోలన్‌తో ముగిసే లైను కావాలంటే గ్రెప్‌లో ‘కోలన్ డాలర్’ చాలు. డాలర్ అంటే లైను చివర.
2. అది పెడితే సగం శీర్షికలు రాలేదు. విండోస్‌లో చేసిన ఫైళ్లలో లైను చివర కనబడని క్యారేజ్ రిటర్న్ ఉంటుంది, కోలన్ చివరిది కాదు. కోలన్‌కీ డాలర్‌కీ మధ్య ఖాళీ గుర్తులన్నిటినీ పట్టే ‘స్పేస్ తరగతి, స్టార్’ పెట్టాను.
3. తెలుగు మాట మొత్తాన్ని పట్టుకోవాల్సి వచ్చే చోట స్మాల్ డబ్ల్యూ వద్దు. యూనికోడ్‌లో తెలుగుకి ఇచ్చిన 128 గళ్లు, 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా, ఒక చదరపు బ్రాకెట్‌లో పెట్టి ఒకే ప్లస్.

ఇదే పని గ్రెప్‌లో ఎందుకు సురక్షితమంటే, పెర్ల్ తరహా నమూనాలు వాడే ‘హైఫన్ క్యాపిటల్ పి’ పెట్టనంతవరకూ, వెనకటి బ్రాకెట్‌ను మళ్లీ ప్రస్తావించే నమూనాలు రాయనంతవరకూ, అది లైనును ఒక్కసారే ముందుకి చదువుతుంది. అన్ని అవకాశాలనూ పక్కపక్కన పట్టుకుని నడుస్తుంది, వెనక్కి రాదు. యూనిక్స్‌ను తయారుచేసినవాళ్లలో ఒకరైన కెన్ థాంప్సన్ 1968లో ప్రచురించిన ఆలోచన ఈ దారిదే. గ్రెప్‌ను మొదట రాసిందీ ఆయనే.

కొత్త కొలత: అదే దేవాలయ సంచికల ఫోల్డర్, 0.2 సెకను.

లెక్క: తేలినవి 15/17, సమయం 13 గంటలు.

దశ 7: మిగిలిన రెండు

స్థితి క్యాపిటల్ డి. కంట్రోల్ సి పనిచేయలేదు. ‘కిల్ హైఫన్ 9’ కూడా పనిచేయలేదు. ఎస్‌ట్రేస్ తగిలిస్తే అదీ అక్కడే ఆగిపోయింది. డిస్కు జవాబిచ్చేదాకా ఆ ప్రాసెస్‌ను ఎవరూ కదిలించలేరు. రెండుసార్లూ యూఎస్‌బీ డిస్కులోని ఫోల్డర్లే. సిస్టమ్ సందేశాలు చూపించే ‘డీమెసేజ్’లో ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్లు వరసకట్టి ఉన్నాయి. డిస్కు ఆరోగ్యం చెప్పే ‘స్మార్ట్‌సీటీఎల్’లో 197వ లక్షణం, అంటే చదవలేక ఇంకా తేలకుండా ఉన్న సెక్టార్లు, 40 చూపించింది.

నన్ను బాధపెట్టింది ఇది. ఈ మాట గ్రెప్ నెలల నుంచి చెబుతూనే ఉండి ఉంటుంది. ‘ఇది ఫోల్డర్’ లాంటి సందేశాలు బావగారిని కంగారు పెడతాయని, లోపాల సందేశాలన్నిటినీ మొదటి రోజే నల్‌కి మళ్లించాను. స్క్రిప్టులో ‘2, గ్రేటర్ దన్, స్లాష్ డెవ్ స్లాష్ నల్’ అన్న ముక్క అది. డిస్కు పోతోందన్న సందేశాలు కూడా దాంతోపాటే పోయాయి.

1. వెతకడం పూర్తిగా ఆపేశాం. పోతున్న డిస్కును చదివినకొద్దీ పాడవుతుంది.
2. కొత్త డిస్కు తెచ్చి ‘డీడీరెస్క్యూ’తో నకలు తీశాం. రాత్రంతా పట్టింది.
3. స్క్రిప్టులో నల్‌కి మళ్లించిన ముక్క తీసి, సందేశాలు ఒక లాగ్ ఫైలులోకి వెళ్లేలా చేశాను. ఫైలు ఖాళీగా లేకపోతే చివర ఒక లైను తెలుగులో వస్తుంది: ‘కొన్ని ఫైళ్లు చదవలేకపోయాను’.

11 ఫైళ్లు రాలేదు. వాటిలో ఏడు పెళ్లి కార్డులు. నాలుగు ఒక బడి స్వర్ణోత్సవ సంచికలోని వ్యాసాలు. అచ్చు ప్రతి బావగారి బీరువాలో ఉంది. అక్కయ్య రోజుకి రెండు పేజీల చొప్పున మళ్లీ టైప్ చేస్తోంది.

లెక్క: తేలినవి 17/17, నాది 1, సమయం 15 గంటలు, డిస్కు నకలు ఒక రాత్రి.

మూడు వారాల తర్వాత

నోటు పుస్తకం కౌంటర్ మీదే ఉంది. కొత్త నమోదులు రెండు. ఒకటి ‘ఐ-సెర్చ్’ చూసి హ్యాంగ్ అనుకున్నారు, చీటీ చూసి కంట్రోల్ జి నొక్కారు. రెండోది నిజంగా నెమ్మది: పొద్దున్నే కంప్యూటర్ పెట్టగానే మొదటి వెతుకులాటకి 41 సెకన్లు, అదే రెండోసారి 3 సెకన్లు. మొదటిసారి డిస్కు నుంచి చదువుతుంది, రెండోసారి చాలావరకు ర్యామ్‌లో ఉంటుంది. 41 సెకన్లు ఏమీ కనబడకపోతే మనిషి విండో మూసేస్తాడు. అందుకని ఫోల్డర్ మారినప్పుడల్లా దాని పేరు పడేలా ఒక లైను చేర్చాను. సమయం తగ్గలేదు. విండో మాత్రం మూయడం లేదు.

ఇంకా మిగిలింది అను ఫాంట్లలో ఉన్న పాత పాఠం, 3,900 ఫైళ్లు. అవి యూనికోడ్ కాదు, గ్రెప్‌కి అందులో తెలుగు కనబడదు. ‘దొరకలేదు’ అంటుంది, ఫైలు అక్కడే ఉంటుంది. నిన్న రాత్రి మొదటి 50 ఫైళ్లు మార్చి, అచ్చు ప్రతులతో పోల్చడం మొదలుపెట్టాను. ఇప్పటికి 12 సరిచూశాను. రెండింటిలో వత్తులు తారుమారయ్యాయి.